మన్యం జ్వరం: తగ్గడం వేరు, నయం కావడం వేరు

"అక్కడి నీళ్లు పడలేదు" అనే మాట ఖమ్మం ప్రాంతంలో తరతరాలుగా వినవస్తున్నది. వైరా, మధిర వంటి మైదాన ప్రాంతాల నుండి వ్యాపారానికో ఉద్యోగానికో భద్రాచలం అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లిన మనిషి రెండు మూడు వారాలు గడిచేసరికి చలి, వణుకు, జ్వరంతో మంచమెక్కితే ఇంట్లోని పెద్దలు చెప్పే మొదటి కారణం అదే. ఆ జ్వరాన్ని కొందరు మన్యం జ్వరమంటారు, కొందరు చలిజ్వరమంటారు. ఆసుపత్రి భాషలో దాని పేరు మలేరియా. పెద్దల మాటలో సగం నిజం ఉంది. ఈ జబ్బుకూ నీటికీ సంబంధం ఉన్నమాట వాస్తవమే. కాని అది తాగే నీటితో ఉన్న సంబంధం కాదు. మిగిలిన సగం తెలియనందువల్లనే ఒకే మనిషి ఒకే జ్వరంతో ఏడాదిలో రెండు మూడుసార్లు పడిపోవడం, ప్రతిసారీ అది కొత్త జ్వరమని అనుకోవడం జరుగుతున్నది.

ఈ ప్రాంతం పటాల మీద చాలాసార్లు చేతులు మారింది. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి ఆ తర్వాత ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. పాలనా హద్దులు ఎన్ని మారినా నేల మారలేదు. గోదావరి, దానిలో కలిసే కిన్నెరసాని, తాలిపేరు, శబరి, వాటికి చేరే పేరులేని వాగులు, చలమలు, వాటి మధ్య టేకు, తునికి, ఇప్ప చెట్ల అడవి, ఆ అడవిలో కోయలు, కొండరెడ్ల గూడేలు. ముస్లిములు గూడేలలో తక్కువగానే ఉన్నా భద్రాచలం, బూర్గంపాడు, పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు పట్టణాలలో చాలాకాలంగా స్థిరపడి ఉన్నారు. సింగరేణి గనులలో పనిచేసేవారు, లారీలు నడిపేవారు, వారపు సంతలలో బట్టలు, గిన్నెలు అమ్ముకునేవారు, తునికాకు కల్లాల దగ్గర లెక్కలు రాసేవారు వారిలో ఉన్నారు. వారికి అడవి ఊరికే చూసి వచ్చే చోటు కాదు, రోజీ దొరికే చోటు. కాబట్టి మన్యం జ్వరం వారికి దూరపు కబురు కాదు.

మదీనా జ్వరం

జ్వరం, నీరు ఒకే చోట ప్రస్తావనకు వచ్చిన ఉల్లేఖనం ఒకటి సహీహ్ బుఖారీలో ఉన్నది. మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లు మదీనాలో అడుగుపెట్టిన తొలి రోజులలోనే తీవ్రమైన జ్వరానికి లోనయ్యారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) మంచాన పడ్డారు. బిలాల్ (రజి) జ్వరం కాస్త విడిచినప్పుడల్లా మక్కా లోయలను, అక్కడి గడ్డిని తలచుకుని దుఃఖించేవారు. అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వ సల్లం మదీనాను తమకు ప్రియమైనదిగా, ఆరోగ్యకరమైనదిగా చేయమనీ, దాని జ్వరాన్ని జుహ్ఫా వైపు మళ్లించమనీ అల్లాహ్‌ను వేడుకున్నారు. ఈ సంఘటనను తెలిపిన హజ్రత్ ఆయిషా (రజి) ఒక చిన్న వివరం కూడా చేర్చారు: తాము వచ్చిన కాలంలో మదీనా మిక్కిలి వ్యాధిగ్రస్తమైన నేలగా ఉండేదనీ, బుత్‌హాన్ వాగులో చెడిన నీరు పారుతుండేదనీ.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. ఆ చెడిన నీరే జ్వరానికి కారణమని ఉల్లేఖనంలో లేదు. హదీసు వైద్యగ్రంథం కాదు, కానక్కరలేదు. కాని జ్వరాన్నీ నిలవ నీటినీ పక్కపక్కన చూసిన ఆ చూపు గమనించదగినది. నిజానికి ప్రాచీన వైద్యులందరూ ఆ రెండింటినీ కలిపే చూశారు. 1037లో కన్నుమూసిన ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్'లో నీళ్లను రకరకాలుగా విభజించి, మడుగులలో నిలిచిన నీరు తాగేవారికి ప్లీహం పెరుగుతుందని రాశారు. ప్లీహం పెరగడాన్నే మన పల్లెలలో "కడుపులో బల్ల" అంటారు, ఉర్దూలో తిల్లీ పెరగడమంటారు. మలేరియా పలుమార్లు వచ్చిన మనిషిలో ఈనాటి వైద్యుడు కడుపు నొక్కి వెతికేది దానినే. గుర్తును ఇబ్ను సీనా సరిగ్గానే పట్టుకున్నారు. దారి మాత్రం తాగే నీరని భావించారు. "నీళ్లు పడలేదు" అనే మన మాట ఆ పాత వైద్యానికి దూరపు వారసురాలే. యూరపువారు నీటికి బదులు గాలిని తప్పుపట్టారు. మలేరియా అనే ఇటాలియను మాటకు అర్థం చెడుగాలి.

అసలు దారి తెలిసింది ఎక్కడో కాదు, నిజాం రాజ్యంలోని సికింద్రాబాదు కంటోన్మెంటులో. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తూ మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా లెక్కన అతనికి ముట్టింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద పరిశోధన సాగించి, క్రిమి దోమ కాటు ద్వారానే తిరిగి ప్రాణి దేహంలోకి చేరుతుందని రాస్ నిరూపించాడు. అక్కడ అతనికి సహాయకుడుగా పనిచేసినవాడు మొహమ్మద్ బక్ష్. 1902లో నోబెల్ బహుమానం రాస్‌కు వచ్చింది. అణాలు తీసుకుని చేయి చాపిన హుస్సేన్ ఖాన్ పేరు పరిశోధకుని రాతలలో మిగిలి ఉండడమే పదివేలు.

క్రిమి నిద్ర

రోగిని కుట్టిన దోమ వెంటనే మరొకరికి జబ్బు అంటించలేదు. క్రిమి దాని దేహంలో పెరిగి ముదరడానికి సుమారు పది పదిహేను రోజులు పడుతుంది. ఆ తర్వాత అది కుట్టిన మనిషి రక్తంలో చేరిన క్రిమి నేరుగా కాలేయానికి పోయి, అక్కడ సంతానాన్ని పెంచుకుని, మళ్లీ రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడుతుంది. కణాలు పగిలినప్పుడల్లా చలి, వణుకు, కాక, ఆపై చెమట. దోమ కుట్టిన నాటికీ జ్వరం వచ్చిన నాటికీ మధ్య వారం నుండి రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ గడుస్తుంది. అడవిలో ఉన్నన్నాళ్లు బాగానే ఉండి ఖమ్మం తిరిగి వచ్చాక పడిపోయే మనిషి, ఆ సంత ప్రయాణాన్ని మరచిపోయి "ఇక్కడే వచ్చింది" అనుకోవడానికి కారణమిదే. వైద్యునికి ఆ ప్రయాణం సంగతి తప్పక చెప్పాలి.

ఈ ప్రాంతంలో ముఖ్యంగా కనిపించేవి రెండు జాతుల క్రిములు. మొదటిది ఫాల్సిపారం. ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే. దీని జ్వరానికి వేళాపాళా ఉండదు. చికిత్స లేకపోతే ఒకటి రెండు రోజులలోనే మెదడుకు, మూత్రపిండాలకు దెబ్బ తగలవచ్చు. పసిపిల్లలకు, గర్భిణులకు మరీ ప్రమాదకరం. రెండవది వైవాక్స్. ఇది చాలావరకు ప్రాణాల మీదికి తేదు కాని మనిషిని వదలదు. రక్తంలోకి వచ్చిన క్రిములు వచ్చినవి కాగా మరికొన్ని కాలేయంలోనే నిద్రాణంగా ఉండిపోతాయి. అవి వారాల తర్వాతో నెలల తర్వాతో మేల్కొని మళ్లీ జ్వరం తెప్పిస్తాయి. కొత్త దోమ కుట్టనక్కరలేదు. మనిషి తన జబ్బును తన కడుపులోనే మోసుకు తిరుగుతుంటాడు. అంతేకాదు, మధ్యలో అతన్ని కుట్టిన దోమలు ఇరుగుపొరుగువారికి దానిని పంచుతుంటాయి.

ఈ ఒక్క సంగతి అర్థమైతే చికిత్స ఎందుకు రెండు భాగాలుగా ఉంటుందో అర్థమవుతుంది. వైవాక్స్‌కు మూడు రోజులు ఇచ్చే క్లోరోక్విన్ రక్తంలోని క్రిములను చంపుతుంది. జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి లేచి పనికి పోతాడు. కాలేయంలో నిద్రిస్తున్నవాటికి క్లోరోక్విన్ పనిచేయదు. వాటి కోసం ప్రిమాక్విన్ అనే మరో మాత్రను 14 రోజులు వాడాలి. ఆ 14 రోజులలో చాలా రోజులు మనిషికి ఏ బాధా ఉండదు. బాధ లేనప్పుడు మందు మింగడం మనిషి స్వభావానికి కష్టం. నాలుగు మాత్రలు మింగి మిగతా పొట్లాన్ని సూరు కింద పెట్టి మరచిపోతారు, లేదా పక్కింటివారికి జ్వరం వస్తే ఇస్తారు. రెండు నెలలకు మళ్లీ వణుకు మొదలైతే నీళ్లు పడలేదని, దిష్టి తగిలిందని, గాలి సోకిందని రకరకాల కారణాలు వెతుకుతారు. ఫాల్సిపారానికి వేరే మందులు: మూడు రోజుల ఆర్టిసునేట్ మిశ్రమ చికిత్స, దానితో ఒక్కసారి ప్రిమాక్విన్. ఆర్టిసునేట్‌కు మూలమైన ఆర్టిమిసినిన్‌ను చైనా మాచిపత్రి జాతి మొక్క నుండి తీశారు. ఆ కృషికి తూ యూయూ అనే శాస్త్రవేత్త్రికి 2015లో నోబెల్ బహుమానం దక్కింది. మొక్క నుండి వచ్చిన మందే కదా అని ఇంట్లో ఏదో ఆకు కషాయం కాచుకుంటే అదే ఫలితం వస్తుందనుకోవడం పొరపాటు.

ప్రిమాక్విన్ విషయంలో ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు దానిని ఇవ్వరు. కొందరి ఎర్రకణాలలో పుట్టుకతోనే ఉండే ఒక లోపం వల్ల ఈ మందు వారికి పడదు. కణాలు విరిగి మూత్రం నల్లటీ రంగులోకి మారుతుంది. అలా మారితే మందు ఆపి ఆ రోజే వైద్యుని వద్దకు పోవాలి. ఈ కారణం చేతనే మందుల కొట్టులో అడిగి కొనుక్కుని వాడవలసిన మాత్ర కాదిది.

మధ్యలో మందు మానినవాడికి జరిగినదే ఒకప్పుడు దేశానికీ జరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇంటింటా డీడీటీ చల్లారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగివచ్చాయి. ఇక పోయిందనుకున్నారు, నిఘా సడలింది, మందుకు లొంగని దోమలు తయారైనాయి. 1976లో 64 లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు. ఆ తర్వాత మళ్లీ మొదటి నుండి కష్టపడవలసి వచ్చింది. 2015లో దేశంలో నమోదైన కేసులు 11 లక్షలకు పైగా. 2023లో సుమారు 2.27 లక్షలు. 2030 నాటికి పూర్తిగా నిర్మూలించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అసాధ్యమేమీ కాదు. మాల్దీవులు 2015లో, శ్రీలంక 2016లో, అల్జీరియా 2019లో, ఫరోల కాలం నుండి ఈ జ్వరంతో బాధపడిన ఈజిప్టు 2024లో మలేరియా లేని దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి.

తఖ్దీరు, తాయెత్తు, రక్తపరీక్ష

జబ్బు ఇచ్చేది, స్వస్థత ఇచ్చేది అల్లాహే అయినప్పుడు ఈ హడావుడి ఎందుకని అడిగేవారు నేటికీ ఉన్నారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండగా సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందున్న ప్రాంతంలో ప్లేగు ప్రబలిందని వార్త వచ్చింది. సహాబాలతో సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపునకే వెళ్తున్నామన్న భావం వచ్చేలా ఉమర్ (రజి) బదులిచ్చారు. ఎండిన గట్టు, పచ్చని గట్టు ఉన్న లోయలో ఒంటెలను ఎటు మేపినా అది విధి ప్రకారమే కదా అని ఉపమానం కూడా చెప్పారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి ఇదే విషయమై దైవప్రవక్త (స) ఆదేశాన్ని తెలిపినప్పుడు ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించారు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోవడమని తిర్మిజీలోని ప్రసిద్ధ హదీసు బోధిస్తున్నది. చికిత్స చేయించుకోవాలనీ, అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు ఏర్పరచాడనీ అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది.

సర్గ్ సంఘటనను అడ్డుపెట్టుకుని మలేరియా రోగిని దూరం పెట్టడం మాత్రం తప్పు. ఇది ప్లేగువలె మనిషి నుండి మనిషికి తాకిడితో, శ్వాసతో అంటదు. రోగితో కలిసి ఒకే దస్తర్‌ఖాను మీద భోజనం చేయవచ్చు. పరామర్శకు వెళ్లడం సున్నత్. రోగికి దోమతెర కట్టి పడుకోబెడితే చాలు, అతని నుండి మరొకరికి పోకుండా సగం పని అయినట్లే.

దుఆ చేయడం, ఖుర్ఆన్ పఠించి ఊదడం విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. బాధ ఎక్కడ వస్తున్నదంటే, తాయెత్తు కట్టి మూడు రోజులు చూద్దాం, తగ్గకపోతే ఆసుపత్రికి పోదాం అనుకోవడంలో. ఫాల్సిపారానికి ఆ మూడు రోజులు చాలు. తాయెత్తు కట్టే చోటు కాక మరో చోటు కూడా ఉన్నది. జ్వరమనగానే సూది వేసి, సెలైన్ ఎక్కించి పంపే ఆర్.ఎం.పి. డాక్టరు గది అది. మనిషికి ఓపిక వచ్చినట్లనిపిస్తుంది, డబ్బు పోతుంది, క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. టైఫాయిడూ మలేరియా రెండూ కలిసి వచ్చాయనే మాట కూడా పరీక్ష లేకుండానే ఎంతో మందికి చెబుతుంటారు.

చేయవలసినది చాలా సులభం. అడవి అంచున ఉన్నవారు, అక్కడికి వెళ్లి వచ్చినవారు జ్వరం వచ్చిన రోజునే రక్తపరీక్ష చేయించుకోవాలి. వేలి కొసన చుక్క రక్తం తీసి కిట్టుతో చూస్తే పావుగంట, ఇరవై నిమిషాలలో ఏ జాతి క్రిమో తెలిసిపోతుంది. స్లైడు మీద పూత పూసి సూక్ష్మదర్శినితో చూడడం పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మదగినదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, మందు రెండూ ఉచితం. ఇంట్లో మగవారు లేరని, పరదా కుదరదని స్త్రీలు జ్వరంతో రెండు మూడు రోజులు ఆగిపోవడం ముస్లిం ఇళ్లలో అరుదు కాదు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. స్త్రీలే, ఇంటికి పిలిపించుకోవచ్చు. అవసరమైనప్పుడు పురుష వైద్యుడు స్త్రీకి, స్త్రీ పురుషునికి చికిత్స చేయడాన్ని ధర్మశాస్త్రవేత్తలు అనుమతించారు. దైవప్రవక్త (స) కాలపు యుద్ధాలలో స్త్రీలు క్షతగాత్రులకు సేవ చేశారని రుబయ్యి (రజి) ఉల్లేఖనం తెలుపుతున్నది. ఇక స్పృహ తప్పడం, మూర్ఛ రావడం, కళ్లు పచ్చబడడం, ఆయాసం, నీళ్లు కూడా మింగలేకపోవడం, మూత్రం నల్లబడడం వంటివి కనిపిస్తే కిట్టు కోసం కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తరలించాలి. పరీక్ష ఫలితం వచ్చేలోగా ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డతో తుడవడం మంచిది. జ్వరాన్ని నీటితో చల్లార్చమన్న హదీసు అందరూ ఎరిగినదే.

పాక్ నీరు, దోమల నీరు

దోమ గుడ్డు పెట్టడానికి నీరు కావాలి. గుడ్డు పురుగై, పురుగు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అంటే వారానికి ఒకసారి నీటిని పారబోసి, పాత్రను ఆరబెడితే ఆ తరం అక్కడితో ఆగిపోతుంది. ఆరోగ్యశాఖ వారు డ్రై డే అనేది ఇదే. ముస్లిం ఇళ్లలో జుమా రోజు ఎలాగూ స్నానం, శుభ్రత ఉంటాయి. ఆ ఉదయమే తొట్లు, కూలరు, కోళ్ల నీటిగిన్నె, మసీదు లోటాలు, డాబా మీది పాత టైర్లు చూసుకుంటే సరిపోతుంది.

పాత్రలను మూసి ఉంచమని, నీటి తిత్తుల మూతులు బిగించమని, సూర్యాస్తమయ వేళ పిల్లలను ఇంట్లో ఉంచమని చెప్పిన హదీసులు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నాయి. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయరాదన్న నిషేధమూ ఉన్నది. ఇవి దోమల గురించే చెప్పినవని ఈ మధ్య కొందరు రాస్తున్నారు. ఆ హదీసులలో దోమ ప్రస్తావన లేదు. లేనిదానిని తెచ్చి అతికించడం హదీసుకు గౌరవం కాదు. ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరాలో వచ్చే దోమ ఉపమానాన్ని మలేరియాకు ముడిపెట్టడం కూడా ఇటువంటిదే. ఆదేశాన్ని ఆదేశంగా పాటించినవాడి ఇంట మూత పెట్టిన తొట్టిలో దోమ గుడ్డు పెట్టలేదు. ఆ ప్రయోజనం కళ్ల ముందున్నదే; దానిని నిరూపించడానికి పాత వాక్యంలో కొత్త అర్థం వెతకనక్కరలేదు.

మసీదు హౌజు విషయంలో ఒక అపోహ తొలగాలి. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజులోని నీటిని హనఫీ ఫిఖహ్‌లో పారే నీటితో సమానంగా లెక్కిస్తారు. అందువల్ల హౌజులో నీరు నెలల తరబడి మార్చకపోయినా వుజూకు పాక్‌గానే ఉంటుందన్న ధీమా ఉన్నది. ధీమా సరైనదే. ప్రవహించే రక్తం లేని దోమ, ఈగ వంటివి పడి చచ్చినా నీరు నజిస్ కాదని 'హిదాయా' వంటి గ్రంథాలు చెబుతున్నాయి. అయితే అది తహారత్‌కు సంబంధించిన తీర్పు, ఆరోగ్యానికి సంబంధించినది కాదు. మూరల లెక్క దోమకు తెలియదు. పాక్ అయిన హౌజులోనే అది హాయిగా పిల్లలను పెడుతుంది, మగ్రిబ్‌కు వచ్చినవారి కాళ్ల మీద వాలుతుంది. దీనికి తేలికైన ఉపాయం గంబూషియా చేపలు. దోమ పిల్లలను తినే ఈ చిన్న చేపలను మలేరియా విభాగం వారు చెరువులలో, బావులలో వదులుతుంటారు. చేపలు ఉన్న నీటితో వుజూ చెల్లుతుందా అనే సందేహానికి సమాధానం కూడా ఆ గ్రంథాలలోనే ఉన్నది: నీటిలో పుట్టి నీటిలో బ్రతికే ప్రాణి అందులోనే చనిపోయినా ఆ నీరు నజిస్ కాదు. చేపలు కుదరనిచోట కుళాయిలు పెట్టి హౌజును ఎండగట్టడం మేలు.

ఇంటి నీటిని అదుపు చేయవచ్చు గాని అడవి వాగును చేయలేము. మన్యంలో మలేరియా దోమలు నెమ్మదిగా పారే వాగు ఒడ్డున, ఇసుక చలమలలో, వరిమళ్లలో పెరుగుతాయి. కుట్టేది ముఖ్యంగా రాత్రిపూట. కాబట్టి అక్కడ దోమతెరే కోట. సంత ముందురోజే వెళ్లి దుకాణం దగ్గర పడుకునే వ్యాపారి, వేసవిలో తునికాకు కల్లం దగ్గర కాపలా ఉండే మనిషి సామానుతో పాటు తెరను కూడా మూటకట్టుకోవాలి. ప్రభుత్వం పంచే మందు పట్టించిన తెర సుమారు 20 ఉతుకుల వరకు, మూడేళ్ల వరకు పనిచేస్తుంది. దానిని ఘాటైన సబ్బుతో పదేపదే ఉతకరాదు, ఎండలో కాక నీడలో ఆరవేయాలి. దానితో చేపలు పట్టడం, కోళ్ల గూడుకు చుట్టడం జరుగుతూనే ఉన్నాయి. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుండి కూలీలు ఖమ్మం చేలకు వస్తారు. చేను గట్ల మీద పరదా గుడిసెలలో, తెరలు లేకుండా పడుకుంటారు. వారిలో ఎవరి రక్తంలోనైనా క్రిమి ఉంటే మైదాన ప్రాంతపు దోమకు అదే అందుతుంది. వారిని నిందించడం కంటె, పనికి పెట్టుకున్న రైతు వారికి తెరలు సమకూర్చి ఆశా కార్యకర్తకు కబురు చేయడం ఊరికే లాభం.

పగటిపూట కుట్టే నల్లని, తెల్లచారల దోమ సంగతి వేరు. అది తెచ్చేది డెంగీ, చికున్‌గున్యా. 2005 చివరలో మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్ అంతటా చికున్‌గున్యా ఎందరిని కీళ్ల నొప్పులతో కుదేలు చేసిందో చాలామందికి గుర్తే. ఈ దోమ ఇంటి చుట్టూ ఉండే మంచి నీటిలోనే పుడుతుంది. ఏ జ్వరమో తేలేవరకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మింగరాదు. డెంగీ అయితే రక్తస్రావానికి దారితీస్తాయి.

వరద వచ్చిన ఏడు ఇవన్నీ రెట్టింపవుతాయి. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వరద తీసిన తర్వాత గుంటలు మిగులుతాయి. బావులలో బురద చేరుతుంది. బావికి క్లోరిన్ కలిపే వరకు కాచిన నీరే తాగాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమంగా గీసిన టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి తాగిస్తుండాలి.

రమజాను, 14 రోజుల మందు

చికిత్స మధ్యలో రమజాను వస్తే ఏమి చేయాలన్న ప్రశ్న మసీదులలో తరచు వినిపిస్తుంది. రోజా భంగమవుతుందని మందు మానేవారు, మందు కోసం నెలంతా రోజాలు వదిలేవారు ఇద్దరూ ఉన్నారు. అల్ బఖరా సూరా 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తునికి, ప్రయాణికునికి మినహాయింపునిచ్చి ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకోమంటున్నాయి. జ్వరం, వణుకు, వాంతులు ఉన్న రోజులలో ఈ మినహాయింపును వాడుకోవడమే సరైనది. నీరు తాగకుండా మలేరియా జ్వరాన్ని భరించడం దేహానికి హాని. రక్తంలోని క్రిములకు ఇచ్చే మందు మూడు రోజులలో ముగుస్తుంది. ఆ తర్వాత ఒంట్లో శక్తి వచ్చి, వైద్యుడు సమ్మతించినవారికి ప్రిమాక్విన్ రోజాకు అడ్డుకాదు. అది రోజుకు ఒక్కసారి వేసుకునే మందు. ఖాళీ కడుపున వేస్తే నొప్పి, వికారం పుడతాయి కాబట్టి ఇఫ్తారులో ఖర్జూరంతో కాక, మగ్రిబ్ తర్వాత భోజనం చేసి వేసుకోవాలి. ఏ రోజు మాత్ర ఆ రోజు, అదే వేళకు. ఇంట్లోవారెవరైనా పొట్లం మీద 14 గీతలు గీసి, మింగిన రోజున ఒక గీత కొట్టివేస్తుంటే లెక్క తప్పదు. జ్వరంతో వదిలిన రోజాలను షవ్వాల్ నుండి వచ్చే షాబాను లోపల ఎప్పుడైనా, వరుసగానో విడివిడిగానో ఖజా చేసుకోవచ్చు.